వినబడిన మాట

బి.ఏ. పట్టం పుచ్చుకొన్న యేడు, సోంపేట నుండి బారువకు ఎడ్లబండిలో వెళ్లాను. నాకు ముందు ఒక యువకుడు, వెనుక ముసుగు వేసుకొని అటు తిరిగిన ఒక ముసలామె కూర్చున్నారు. ఆమె కూతురు పోయిందనీ, కబురంది ఆమె వచ్చేసరికే అంతా ముగిసిందనీ, పదో రోజు కాగానే ముందు కూర్చున్న ఆ అల్లుడు ఆమెను ఇంటికి దిగబెట్టబోతున్నాడనీ బండివాడు చెప్పాడు.

"బాబూ, మా పిల్ల ఆకరికి ఏటన్నాదో ఆ బాబునడగండి," అన్నదామె.

"మీరే అడగవచ్చును గదా?"

"అల్లుడితో అత్త మాటాడతాదేటి బాబూ? నలుగురూ నవ్విపోరా?"

ఆ మొగలిపొదల దారిలో మేమూ బండివాడూ తప్ప నరమానవుడు లేడు. నేనే అడిగాను.

"మంచినీళ్లడిగింది," అన్నాడతడు. ఆమెకు చెప్పాను.

"ఎవులిచ్చారో?"

ఆ ప్రశ్న అతనికి అందించాను.

"నానే తాగించాను."

ప్రతి మాటా ఇద్దరికీ వినబడుతూనే ఉన్నది. అయినా నేను తిరిగి చెప్పేవరకు విననట్టే కూర్చున్నారు.

చివరకు అతడు తల వంచుకొని, "అమ్మొచ్చిందా అనడుగుతా గుమ్మంకేసే సూసింది," అన్నాడు.

నేను ఆ మాట ఆమెకు అందించకుండా మొగలిపొదలకేసి తల తిప్పుకొన్నాను. ఆమె భుజాలు కదులుతున్నాయి. ముసుగులోనుంచే అడిగింది:

"ఏటన్నారు బాబూ?"