నాన్న జ్వరానికి కోసిన పెట్ట

మా చిన్నప్పుడు... బంట్రోతు వచ్చి "బాబుగారేరీ?" అంటే జవాబు చెప్పే పని నాది.

డెబ్బైల నాటి మాట. నాన్న సర్కారు గుమాస్తా. విజయనగరం నుంచి ఏజెన్సీకి బదిలీ అయితే హుకుంపేట దగ్గర క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. అమ్మ తలుపు చాటు నుంచి నా జడ మెల్లగా లాగేది. "నాన్నకి జ్వరం" అనేదాన్ని. ఏజెన్సీలో జ్వరమంటే ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. చలిజ్వరం అందరిళ్ళకీ వచ్చే చుట్టమే!

లోపల నాన్న చాప మీద, గోడవైపు తిరిగి... గదంతా జీలుగు కల్లు వాసన. మావాళ్ళలో తాగుడంటే తలెత్తుకోలేని సంగతి. అమ్మ కిటికీలు కూడా తీసేది కాదు. ఎవరైనా ఇటు వస్తున్నారంటే నేనే ముందు గుమ్మంలోకి పరిగెత్తేదాన్ని.

సుక్రి నాతో చదివేది. వాళ్ళది పక్కనే కొండమీద గిరిజనుల ఊరు. బడయ్యాక వాళ్ళింటికి పోయేదాన్ని గానీ, మా ఇంటికి రానిచ్చేదాన్ని కాదు.

"ఏటే, మీ ఇంటికి ఎప్పుడూ రమ్మనవేటి?" అందొకసారి.

అలవాటైన మాటే నోట్లోంచి ఊడిపడింది... "నాన్నకి జ్వరం. తగ్గట్లేదు."

ఆ మాట వాళ్ళమ్మ చెవిన పడింది. మళ్ళీ వెళ్ళేసరికి వాకిట్లో ముగ్గేసి పూజ. వాళ్ళూళ్ళో పూజలు చేసే దిసారి తాత నా పేరడిగాడు. నాన్న పేరు కదా అడగాలి... అనుకుంటూనే చెప్పాను. సుక్రి పెంచుకున్న పెట్టకి గింజలు తినిపించి, కోసేశారు. లేని జ్వరానికి పెట్ట పోయిందని నాకు ఏడుపాగలేదు.

"పిన్నీ... నాన్నకి జ్వరం కాదు" అన్నాను.

సుక్రి వాళ్ళమ్మ కోప్పడలేదు. "తెలుసమ్మా. మీ నాన్న తాగీది మా సెట్టు కల్లే. దాన్లో తప్పేటున్నాది, మేవూ తాగుతాం. నువ్వే... మీ ఇంటి మాటెత్తితే సాలు, బెదిరిపోతన్నావు. జొరం ఆయనక్కాదు, నీకొచ్చింది. అందుకే కోసినాం."

అక్కడితో నా బరువు దిగిపోవాలి కదా... దిగలేదు. వాళ్ళకి తెలుసని తెలిశాక ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళలేకపోయాను. బడిలో సుక్రి పక్కన చోటుంచేది. నేను వేరే వరుసలో కూర్చునేదాన్ని. తర్వాత నాన్నకి బదిలీ అయింది.

ఇప్పుడు అరకు దారంతా టూరిస్టుల కార్లే. మా బంధువుల పిల్లలే జీలుగు కల్లు పట్టుకుని ఫోటోలు దిగి ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నారు. అందరూ లైకులు కొడుతున్నారు... నేనూ కొట్టాను.

కానీ కాలింగ్ బెల్ మోగితే నాలో ముందు జవాబు తయారవుతుంది, ఆ తర్వాతే తలుపు తీస్తాను. ఊరందరి కష్టాలూ వింటాను, నావి ఒక్కరికీ చెప్పను. "అమ్మ దగ్గర కూపీ లాగడం ఎవరి తరమూ కాదు" అని మా పిల్లలు నన్ను చూసి నవ్వుతుంటారు.

మీ ఇంట్లోనూ బయటివాళ్ళకి చెప్పే "జ్వరం" ఏదైనా ఉండేదా? చెప్పాలనిపిస్తేనే చెప్పండి... బలవంతం లేదు.

నాకొచ్చింది మాత్రం ఇంకా తగ్గలేదు.