బస్సు కోసం వదిలేసిన కత్తియుద్ధం

మా చిన్నప్పుడు... తమిళనాడులోని కోవిల్‌పట్టిలో మ్యాట్నీ చూస్తుంటే, సరిగ్గా కత్తులు దూసే వేళకి అమ్మ నా రెక్క పట్టుకుని లేపేసేది.

"లెయ్యమే! అయిదింటి బస్సు పోతే మల్లా బస్సు లేదు."

మా ఊరు మీదుగా వెళ్లే పుదూరు బస్సుకీ, సినిమాకీ ఎప్పుడూ పొసగలేదు. మా ఊళ్లో ఎవరూ ఏ సినిమా ముగింపూ చూసి ఎరగరు...

ఒక సినిమాలో రాజు చనిపోగానే కొడుకులిద్దరూ సింహాసనం కోసం తలపడతారు. సైన్యం రెండుగా చీలిపోతుంది. తమ్ముడు తాడు పట్టుకుని కోటగోడ మీదికి దూకుతాడు, అన్న కత్తి దూస్తాడు... అంతే, మేం బస్సెక్కేశాం. దారంతా ఏడ్చాను.

మర్నాడు తీపెట్టి ఆఫీసు, అదే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ, నుంచి తెచ్చిన చెక్క చట్రాల్లో అగ్గిపుల్లలు పేరుస్తూ అమ్మ మిగతా కథ చెప్పింది.

"ఇద్దురూ కత్తులు కింద పారేసినారు. ఒకే గిన్నెలో కూడు తినినారు."

ఎన్నిసార్లు అడిగినా అదే ముగింపు. తెరమీద తమిళంలో నరుక్కున్న అన్నదమ్ములు మా ఇంట్లో తెలుగులో రాజీపడేవాళ్లు.

ఎందుకో పెద్దయ్యాక అర్థమైంది. అమ్మ తోడబుట్టినవాళ్లు, మా మామలిద్దరూ, అప్పటికే నల్లరేగడి చేను గట్టు దగ్గర తగాదాపడి మాటలు మానేశారు. పెద్దమామ విరుదునగర్ వెళ్లి మిరపకాయల మండీలో చేరిపోయాడు. వాళ్లని కలపాలని ఇద్దరి ఇళ్లకీ తిరిగి తిరిగి అమ్మ కాళ్లరిగాయి. పెద్దమామ పోయినరోజు కూడా చిన్నమామ రాలేదు.

మొన్న ఆదివారం... వారమంతా చాకిరీ చేసి ఒళ్లు హూనమై పడుకున్నాను. ఫోన్లో ఆ సినిమా దొరికితే, చెవుల్లో వైర్లు పెట్టుకుని చివరిదాకా చూశాను. తమ్ముడు అన్నని చంపేసి కిరీటం పెట్టుకున్నాడు. నాకు ఇంకా నీరసం వచ్చేసింది.

ఏ సినిమానో అమ్మకి ముందే చెప్పాను. చూపు ఆనని కళ్లతో పక్క మంచం మీంచి అడిగింది.

"కడాకు ఏమాయమే?"

"నువ్వు చెప్పినట్టేమ్మా... కత్తులు కింద పారేసినారు."

"నేను అప్పుడే చెప్పినా కదా" అని నెమ్మదిగా అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు ఏ సినిమా అయినా ఆఖరిదాకా చూడొచ్చు, బస్సు తొందర లేదు. అయినా ఆ అయిదింటి బస్సే నయమనిపిస్తోంది...

మీరు ముగింపు చూడకుండా లేచొచ్చిన సినిమా ఏది? మిగతాది మీకెవరు చెప్పారు?