ఈల లేని ఆట

నిన్న సాయంత్రం ఐదూ పదికి వాన ఆగింది. సింగపూర్‌లోని హౌగాంగ్‌లో మా బ్లాక్ వెనుక మైదానం నుంచి తడిగడ్డి వాసన పైదాకా వచ్చింది. నా పదో ఏట ఆ గడ్డి మీదే ఫుట్‌బాల్ నేర్చుకున్నాను.

నేర్పినవారు రువాండా నుంచి వచ్చిన జోసెఫ్ అంకుల్. ఆయన ఆటలో రిఫరీ ఉండేవాడు కాదు. ఆట అయ్యాక అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. తప్పు చేసినవాళ్ళే నోరు విప్పి చెప్పాలి.

"గుంటూరులో మా వీధి గూర్ఖా దగ్గరైనా ఈల ఉండేది కదే! మీ కోచ్ దగ్గర లేదా?" అని నాన్న నవ్వారు. పాపం, అంకుల్ తన ఈల ఎక్కడో పారేసుకున్నారేమో అనుకున్నాను.

ఒకరోజు గోల్ ముందు, మాతో ఆడే ఫరీద్ నన్ను తన్ని పడేశాడు. కూర్చున్నప్పుడు మాత్రం, "నేను కాదు లా! తనే జారింది," అన్నాడు తన సింగపూర్ యాసలో. మర్నాడు ఇంట్లో ఉన్న నా బొమ్మ ఈల తీసుకెళ్ళాను.

"ఇకమీదట మీరే ఊదండి అంకుల్. వాడు అబద్ధం ఆడలేడు."

ఆయన దాన్ని చాలాసేపు చూశారు కానీ ముట్టుకోలేదు. నా గుప్పిట మూసి, "వాడు చెప్పేదాకా ఆగుదాం," అన్నారు. బ్లాకుల్లో దీపాలు ఒక్కొక్కటే వెలుగుతుంటే అందరం గుండ్రంగా అలాగే కూర్చున్నాం.

"సరే లా, నేనే తన్నాను," అన్నాడు ఫరీద్, గడ్డి పీకుతూ.

మొన్న అంకుల్ అంత్యక్రియల్లో ఆయన భార్య చెప్పారు. 1994లో రువాండా మారణకాండప్పుడు వాళ్ళ ఊళ్ళో మనుషుల్ని వెతికి చంపినవాళ్ళు ఈలలు ఊదుతూ వచ్చారట. ఆ తర్వాత చంపినవాళ్ళ పిల్లల్నీ, చనిపోయినవాళ్ళ పిల్లల్నీ ఒకే జట్టులో ఆడించి, ఆట అయ్యాక ఇలాగే గుండ్రంగా కూర్చోబెట్టింది ఆయనేనట.

ఇప్పుడు ఆ మైదానంలో ఆట అయ్యాక ఎవరూ కూర్చోరు.