యశోద గీసిన కొమ్ములవాళ్ళు

శాలిబండలో మా పక్కింటి యశోద ఏం ఉద్యోగం చేస్తుందని అడిగితే గల్లీలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. కార్టూన్లని ఒకరు, కంప్యూటరని ఇంకొకరు. వాళ్ళమ్మ రుక్మాబాయి మాత్రం ఏ దాపరికమూ లేకుండా, "మా పిల్ల రాక్షసులను తయారు చేస్తది" అంటుంది. విన్నవాళ్ళు నవ్వుతారు. నాకు ఒళ్ళు మండుతుంది. నేను తెలుగు పంతులుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ నవ్వేవాళ్ళలో సగం మందికి నేనే పాఠం చెప్పాను. లోకంలో లేని ప్రాణిని ఉన్నట్టు నమ్మించడం ఎంత కష్టమో వాళ్ళ బుర్రలకు ఎక్కించలేకపోయాను.

వాళ్ళది పాలవ్యాపారం. ఒకప్పుడు బర్రెలు ఇంటి వెనకే ఉండేవి. చుట్టూ ఇళ్ళు పెరిగి జాగా చాలక, యశోద తండ్రి కృష్ణయ్య కొట్టాన్ని ఊరి చివర జల్‌పల్లికి మార్చాడు. దీపావళి వెళ్ళగానే వచ్చే సదర్ పండుగకు మాత్రం వాళ్ళ దున్నపోతు శాలిబండకు రావలసిందే. దాన్ని రుద్ది రుద్ది కడిగి, వెన్ను నుంచి తోకదాకా నూనె పట్టించి, మెడలో గవ్వలదండ వేసి ఊరేగిస్తారు. కొమ్ములకు రంగులేసే పని చిన్నప్పటి నుంచీ యశోదదే. "కడగని పశువును నలుగురి ముందర నిలవెడితే ఇంటి ఇజ్జత్ పోతది" అని కృష్ణయ్య పండుగ పండుగకూ చెబుతాడు. ఆ ఇంట్లో అదొక వేదవాక్యం.

యశోద హైస్కూల్లో ఉండగా నేనొక పాత జానపద నవల ఇచ్చాను. అందులో కొమ్ములవాళ్ళనే కొండజాతి ఉంటుంది. ఒళ్ళు మనిషిది, తల దున్నది. వాళ్ళు కొండ దిగుతున్నారని తెలిస్తే కింది ఊళ్ళలో దీపాలు ఆర్పేసి, పిల్లల నోళ్ళు మూసి కూర్చుంటారు. చిన్నప్పుడు అది చదివి నేను వారంపాటు ఒంటరిగా పెరట్లోకి వెళ్ళలేదు. యశోద మాత్రం పుస్తకం మూసీ మూయగానే వచ్చి, "సార్, వాళ్ళు గడ్డి తింటరా, మాంసం తింటరా? గది రాయనే లేదు" అని అడిగింది. అప్పటి నుంచి ఆ పిల్ల నోటుబుక్కుల వెనక పేజీలన్నీ కొమ్ములే.

బొమ్మల చదువు చదివి, మాదాపూర్‌లో ఒక స్టూడియోలో చేరింది. అక్కడ చాలా ఏళ్ళు ప్రకటనల కోసం దోమలు, పళ్ళలో పురుగులు గీసింది. నిరుడు ఆ స్టూడియోకు ఒక వెబ్ సిరీస్ పని వచ్చింది. కథ సరిగ్గా నేనిచ్చిన నవలదే! ఆఫీసులో దాన్ని చదివిన మనిషి యశోద ఒక్కతే కావడంతో, కొమ్ములవాళ్ళ జాతి మొత్తాన్ని తయారుచేసే పని ఆమెకే ఇచ్చారు. ఎలా నిలబడతారు, ఏం కట్టుకుంటారు, పిల్లలెలా ఉంటారు, ముసలివాళ్ళ కొమ్ములు ఎటు వంగుతాయి, అంతా ఆమె ఇష్టం. ఆ కబురు చెప్పడానికి చెప్పులతోనే మా ఇంట్లోకి వచ్చేసింది. నేను కూడా ఏమీ అనలేదు, అంత సంతోషం నాకు.

ఆ సంతోషం ఎంతోకాలం నిలవలేదు. బొమ్మలు పంపితే తిరిగొచ్చాయి. మార్చి పంపితే మళ్ళీ తిరిగొచ్చాయి. ఒక ఆదివారం పొద్దున యశోద టాబ్లెట్ పట్టుకొని వాళ్ళ అరుగు మీద కూర్చుని ఉంటే, వెళ్ళి సంగతేమిటని అడిగాను.

"డైరెక్టర్ గీతాంజలి మేడం ఏమన్నదో తెలుసా సార్? 'చాలా అందంగా ఉన్నారు యశోదా, అదే నా బాధ. వీళ్ళని చూసి దీపాలు ఎవరు ఆర్పుతారు? హారతిస్తారు' అన్నది."

"ఇంకో మాటు ప్రయత్నం చెయ్యి."

"ఇంగొక్క మాటే ఉన్నది. రేపు గాదు, పై సోమవారం. గప్పుడు గూడ మెచ్చకుంటే పని బొంబాయి వాళ్ళకిస్తరట. నేను మళ్ల దోమలకాడికి పోవాలె." టాబ్లెట్‌ను ఒళ్ళోకి లాక్కుంది. "చిన్నప్పటిసంది వీళ్ళు నా తలకాయలనే ఉన్నరు సార్. ఇంకెవలో గీస్తే నేను చూడలేను."

బొమ్మలు చూపించింది. నాకు బ్రహ్మాండంగా అనిపించాయి. కాకిపిల్ల కాకికి ముద్దు, నా శిష్యురాలి బొమ్మలు నాకు ముద్దు. ఎక్కడ తప్పుందో పట్టుకోలేక నేను గడ్డం గోక్కుంటుండగా రుక్మాబాయి కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి తొంగిచూసింది.

"అయ్యో, ఎంత ముద్దొస్తున్నయే! మస్తు తానం చేయించినవు. కొమ్ములు జూడు, అద్దం లెక్క మెరుస్తున్నయి. దిష్టి తగుల్తది బిడ్డా!" అంటూ లోపలికెళ్ళి గుప్పెడు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి, ఆ టాబ్లెట్ చుట్టూ తిప్పి దిష్టి తీసింది.

నేను పడీపడీ నవ్వాను. యశోద మొహంలో మాత్రం నెత్తుటి చుక్క లేదు.

"అమ్మా, వీళ్ళను జూస్తే నీకు భయమైతలేదా?"

"భయమెందుకే? మన ఇంటి పశువులే గద!"

యశోద గబగబా బొమ్మలన్నీ వెనక్కి తిప్పి చూసుకుంది. ఒక్కటి మిగలకుండా అందరి ఒంటికీ నూనె నిగనిగ. అందరి మెడల్లో గవ్వలు. కొమ్ములకు రంగులు. "సార్, నేను వీళ్ళను సదర్‌కు తయారు చేసిన" అంది. "కొండ మీద వీళ్ళకు తానం ఎవలు చేయిస్తరు? నూనె ఎవలు వెడ్తరు?"

"తెలిసింది కదా, తుడిచెయ్" అన్నాను.

"చెయ్యి వస్తలేదు సార్. బురద వెడ్త, నా చెయ్యే మళ్ల సాపు చేస్తది. కడగని పశువును లోకమంత జూస్తదంటే నాకు తలకాయ తీసేసినట్టున్నది. బాపు జూస్తే ఏమంటడు?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మీ బాపు కట్టేసిన దున్నలు కావే అవి! ఒకరి చేతి గడ్డి తిన్నవి కావు. వాటికీ మీ ఇంటి ఇజ్జత్‌కూ ఏం సంబంధం?" అని అరిచాను. యశోద విసురుగా లేచి లోపలికెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తరవాత రుక్మాబాయి చెప్పింది: పిల్ల రోజూ తెల్లవారగానే షేర్ ఆటో ఎక్కి జల్‌పల్లికి పోతోందట. ముసురు పట్టిన రోజులవి. కృష్ణయ్య పాలు పోయడానికి బయలుదేరాక, పశువులను కడగకముందే వాటి ముందు కూర్చుని బొమ్మలు గీస్తోందట. తొడల మీద అట్టలు కట్టిన పేడ, కంటి కొసల్లో ఈగలు, చిరిగిన చెవి, ముక్కుల్లోంచి ఆవిరి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఆమె చూస్తున్నవే అవన్నీ. అంతవరకు ఒక్కదాన్నీ కాగితం మీదికి రానివ్వలేదు.

సోమవారం నాకు ముద్ద దిగలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక మోగింది.

"సార్, ఒప్పుకున్నరు!"

"ఏమన్నది ఆ మేడం?"

"చీకటి గదిల పెద్ద తెర మీద చూపెట్టినం. జరసేపటికి 'లైట్లెయ్యండి' అన్నది. లైట్లు ఏసినంక ఊపిరి పీల్చుకొని, ఒక్కటి గూడ మార్చొద్దన్నది."

మోయలేని గడ్డిమోపు ఎవరో నా నెత్తి మీంచి దించినట్టయింది. ఫోను పెట్టేసి రెండుసార్లు అన్నం కలుపుకుని తిన్నాను.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళేసరికి యశోద ఇంకా తేలికపడలేదు. కృష్ణయ్య మంచం మీద కూర్చుని, "అందరికి చూపెట్టినవంట, నాకు చూపెట్టవా?" అంటున్నాడు. ఆమె టాబ్లెట్ వెనక్కి దాచుకుంది.

"కోపం జెయ్యకు బాపు. వీటికి తానం లేదు, నూనె లేదు. మన ఇంటిల జూసే గీసిన."

"ఇటు ఇయ్యరాదే!" అని లాక్కుని, కళ్ళజోడు పెట్టుకున్నాడు. బొమ్మలో చెవి చిరిగిన ముసలి కొమ్ములవాడు బురద కారుతూ నిలబడి, చూసేవాడి కళ్ళలోకే తిన్నగా చూస్తున్నాడు. ఎంత మదించిన దున్నయినా కృష్ణయ్య ఒక్క కేక వేస్తే తల వంచడం నేనెన్నోసార్లు చూశాను. అటువంటి మనిషి టాబ్లెట్‌ను నెమ్మదిగా మంచం మీద పెట్టి, కాస్త పక్కకు జరిగాడు.

"ఇది నా మాట ఇనదు బిడ్డా" అన్నాడు.

అప్పుడు యశోద నవ్వబోయి, తండ్రి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.