వంట మామ అరచెయ్యి

గద్వాల చుట్టుపక్కల పెళ్లిళ్లకు వండే మా వంట మామ, కూర ఉడకగానే గరిటెతో కాస్త పులుసు ఎడమ అరచేతిలో పోసుకొని నాకి, కళ్లు మూసుకునేవాడు. ఆయన "ఇగ దించుండ్రి" అనేదాకా పెళ్లికొడుకు తండ్రి వచ్చి బతిమాలినా గంజు పొయ్యి దిగేది కాదు. నేను ఆయన దగ్గర వడ్డించేవాణ్ణి కదా, "మామా, నీ చెయ్యి కడిగిన నీళ్లతోని ఇంకో పెళ్లికి చారు పెట్టొచ్చు" అని ఏడిపించేవాణ్ణి.

రానురాను మామ ఒళ్లు బరువెక్కి, మోకాళ్లు ఆయన్ను పొయ్యి ముందు నిలబడనివ్వలేదు. సర్కారు దవాఖానకు తీసుకెళ్లాను.

"బరువు తగ్గే సూది ఇక్కడ లేదు. తిండి తగ్గించు" అన్నాడు డాక్టరు.

"వంటోన్ని తిండి తగ్గించుమంటే ఎట్ల సారూ?" అన్నాడు మామ.

బయట మందుల షాపువాడు చీటీ కూడా అడక్కుండా, వారానికొకటి పొడుచుకొమ్మని, ఆకలి చంపి బరువు తగ్గించే ఆ సూదులే ఇచ్చాడు. కొన్నాళ్లకే లుంగీ జారసాగింది, మోకాళ్లు నిలబడ్డాయి.

"మామా, ఈ పెళ్లిల పిలగానివి నువ్వేనా ఏంది?" అంటే సిగ్గుపడ్డాడు.

మామ మళ్లీ వంటకు దిగిన ఆ పెళ్లి ధరూర్‌లో. మటన్ ఉడికింది. మామ అరచేతిలో పులుసు పోసుకొని నోటిదాకా తెచ్చి, డోకొచ్చి మొహం తిప్పుకున్నాడు. చెయ్యి తువ్వాలకు తుడిచేశాడు. డేరా కింద అందరం గరిటెలతోనే ఆయన చుట్టూ చేరాం.

"ఏమైంది మామా?"

"వాసనకే కడుపుల తిప్పుతుందిరా. ఉప్పో కారమో తెలుస్తలేదు."

అవతల బంతిలో జనం కూర్చున్నారు. మామ నా చెయ్యి పట్టి, అరచేతిలో పులుసు పోశాడు.

"అల్లుడా, నువ్వే జెప్పు. దించాల్నా?"