విమలమ్మ జాడీ

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక ఉండే విమలమ్మ ఆయాగా రిటైరైంది గానీ, మా చర్చిలో ఆమె ఉద్యోగం మాత్రం సాగుతూనే ఉండేది. నెలకోసారి వచ్చే సంస్కారపు ఆదివారం, ప్రభువు బల్ల మీద పెట్టి అందరికీ పాత్రలో పంచే ద్రాక్షారసం ముప్పై ఏళ్లుగా ఆమె చేసిందే. పెరట్లో రాళ్లనేల, అందులో ఒకే ఒక్క ద్రాక్షతీగ. పండ్లు చిదిమి, బెల్లం వేసి, జాడీకి గుడ్డ కట్టి నెలల తరబడి మాగబెట్టేది. మొగుడు పోయి, పిల్లలు లేని మనిషికి సంఘంలో ఆ జాడీయే పరువు.

మా సంఘం మద్యానికి బద్ధశత్రువు. పెళ్లి విందులో ఎవరి నోరు వాసనొచ్చినా సంఘపెద్ద శాలేము రాజు వాకిట్లోంచే వెనక్కి పంపేస్తాడు. సంస్కారం అయ్యాక పాత్రలో మిగిలిన ద్రాక్షారసం పారబోయకూడదు కాబట్టి, ఆచారం ప్రకారం అది ఆయనే తాగాలి. తాగి, కళ్లు మూసుకుని కాసేపు పరవశించేవాడు. భక్తి అనుకునేవాళ్లం. మాకూ కొంచెం భక్తి కలిగేది, అబద్ధమెందుకు.

ఒక ఆదివారం హార్స్లీ హిల్స్ రిసార్టులో పనిచేసే మా అన్న కూతురు నిఖిత, ఒక ఫ్రాన్సు అతిథిని చర్చికి తీసుకొచ్చింది. ఆయనది ద్రాక్షతోటల చిన్న పల్లె, తాతల నాటి నుంచి వైన్ చేసే ఇల్లు. పాత్ర పుచ్చుకోగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆరాధన అయ్యాక మైకు దగ్గర ఆయన చెప్పింది నిఖిత తెలుగులో అప్పజెప్పింది.

"ఇంత బాగా పులిసిన వైన్ వాళ్లూర్లో కూడా అరుదంట. ఈ రాళ్లనేల, ఈ కొండగాలి రుచి దీంట్లో ఉండాదంట. చేసినామెకి దండం పెడతాండాడు."

చప్పట్లకు లేచిన చేతులు సగంలో ఆగిపోయాయి.

"అంటే ఇన్నేండ్లుగా మాకు సారాయి తాపుతాండావా అమ్మా?" అన్నాడు శాలేము రాజు.

"నేనేసింది పండ్లేనప్పా. లోపల అవేం చేసుకుంటాయో నాకేం తెలుసు?" అంది విమలమ్మ.

సాయంత్రమే కమిటీ కూడి, ప్రార్థన చేసి మరీ ఆమెను ఆ పని నుంచి తప్పించింది. మరుసటి నెల బెంగుళూరు నుంచి పులియని ద్రాక్షరసం సీసాలొచ్చాయి. పిల్లల టానిక్కులా ఉంది ఆ రసం. ఎవరికీ భక్తి కలగలేదు. వెనక బెంచీలో విమలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మా కమిటీ మీద నాకు ఒళ్లు మండిపోయింది.

వారం తిరక్కుండా శాలేము రాజు తువ్వాలులో స్టీలు చెంబు చుట్టుకుని ఆమె గుమ్మం ముందుకొచ్చాడు. పక్కింటి అరుగు మీద నేనున్నానని చూసుకోలేదు.

"దగ్గు పట్టుకోనుండాదమ్మా. మందుగా రవ్వంత..."

"దగ్గుకైతే ఆసుపత్రి ముందరే ఉండాదప్పా. బల్లకని అడుగు, జాడీ మొత్తం ఇస్తా."

ఆయన ఖాళీ చెంబును మళ్లీ తువ్వాలులో చుట్టుకున్నాడు. బల్లకని మాత్రం అడగలేకపోయాడు.