తప్పు కాసే కర్ర

పెడన దాటి గుడివాడ వైపు వెళ్తుంటే రోడ్డు పక్కన తాటిచెట్టంత ఎత్తున ఆకుపచ్చ వలలు కనిపిస్తాయి. అది ఒకప్పటి రొయ్యల చెరువు. వరసగా మూడేళ్లు తెగులు తగిలాక యజమాని శేషగిరిరావుగారు దాన్ని ఎండగట్టి, చదును చేయించి, గడ్డి వేయించారు. సాయంత్రాలు బందరు నుంచీ గుడివాడ నుంచీ డాక్టర్లూ, మేత కంపెనీల ఏజెంట్లూ వచ్చి అక్కడ గోల్ఫ్ బంతులు కొడుతుంటారు. వాళ్లకి నేర్పేవాడు తోమాసు.

తోమాసుది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. పదహారో ఏట హైదరాబాదు వెళ్లి ఒక గోల్ఫ్ క్లబ్బులో క్యాడీగా చేరాడు. క్యాడీ అంటే ఆడేవాళ్ల సంచి మోస్తూ వెంట నడిచే మనిషి. ముప్ఫై ఏళ్లు మోశాడు. ఎవరు కర్ర ఎత్తినా బంతి ఎటు పోతుందో కొట్టకముందే చెప్పేవాడు. మోకాళ్లు అరిగిపోయాక ఎనిమిదేళ్ల క్రితం భార్య కృపావతితో బందరు వచ్చేశాడు. పిల్లలు లేరు. తల్లిదండ్రులు పోతే కృపావతి చేతుల మీద పెరిగిన తమ్ముడు శ్యాంబాబే వాళ్లకి పిల్లవాడు.

శ్యాంబాబుకి కుడికన్ను లేదు. అది పోగొట్టింది తోమాసు.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. సోమవారం క్లబ్బుకి సెలవు కాబట్టి ఆ ఒక్కరోజు క్యాడీలను ఆడుకోనిచ్చేవారు. బావే అక్కడ పనిలో పెట్టించిన శ్యాంబాబు ముందుకెళ్లి వేపచెట్టు కింద బంతులు ఏరుతున్నాడు. తోమాసు చేతిలో ఎవరో పారేసిన పాత డ్రైవరు ఉంది. అన్నిటికంటే దూరం కొట్టే కర్ర అది. దాని తల చిన్నది, నడిమధ్యన తగలకపోతే బంతి మాట వినదు. ఆ రోజు మధ్యన తగల్లేదు. బంతి కుడివైపుకి వంపు తిరిగి శ్యాంబాబు కంటికి తగిలింది.

బంతి దారి తప్పితే "ఫోర్" అని కేకెయ్యడం ఆ ఆటలో మొదటి మర్యాద. ఆస్పత్రి వరండాలో కృపావతి భర్తని అడిగింది అదొక్కటే, కేకేశారా అని. వేశానన్నాడు తోమాసు. కట్లతో పడుకున్న తమ్ముణ్ణి అడిగితే, "వినపడిందక్కా, నేనే తప్పుకోలేదు" అన్నాడు.

అప్పటినుంచీ ఆమె కోపమంతా తమ్ముడి మీదే. పెళ్లిసంబంధం వెనక్కి పోయినప్పుడూ, సెక్యూరిటీ ఉద్యోగానికి పనికిరావన్నప్పుడూ, కేక వినపడి కూడా మొద్దులా ఎలా నిలబడ్డావురా అని తిట్టేది. తిట్టి తనే ఏడ్చేది. అతను తలొంచుకుని వినేవాడు. వాళ్లతో పాటు బందరు వచ్చాక కొన్నాళ్లకి మంగినపూడిలో వేరే గది తీసుకుని బీచి దగ్గర కొబ్బరి బొండాలు అమ్మడం మొదలుపెట్టాడు. ప్రతి బొండాన్నీ ముందు ఎడమచేత్తో తడిమి, ఆ తర్వాతే కత్తి వేస్తాడు.

మొన్న ఎండాకాలంలో శేషగిరిరావుగారు చెన్నై నుంచి కొత్త డ్రైవరు తెప్పించారు. దాని తల పెద్ద బత్తాయంత ఉంది. బరువంతా అంచులకీ వెనక్కీ నెట్టి చేశారట. మూలన తగిలినా కర్ర మెలితిరగదు, బంతి మరీ పక్కకి పోదు. వారానికోసారి ఆడే మామూలు వాళ్లకోసం చేసిన కర్ర.

"తప్పు కాసే కర్రటోయ్ తోమాసూ" అని ఆయన నవ్వుతూ చేతికిచ్చారు. "నువ్వు కొట్టి చూపించు."

తోమాసు ఇరవై రెండేళ్లుగా డ్రైవరుతో బంతి కొట్టలేదు. నేర్పేటప్పుడు మాటలతోనే నేర్పేవాడు. యజమాని అడిగాక కాదనలేక నిలబడ్డాడు. కావాలనే బంతిని తల లోపలి అంచుతో, ఆ రోజు తగిలిన చోటే తగిలేలా కొట్టాడు. బంతి కాస్త కుడికి వాలి, నూటయాభై గజాల జెండా అవతల గడ్డిలో పడింది. మళ్లీ కొట్టాడు. పదిసార్లు కొట్టాడు. పదీ జెండా చుట్టుపక్కలే పడ్డాయి. శేషగిరిరావుగారు చప్పట్లు కొట్టారు గానీ తోమాసుకి అవి వినపడలేదు.

ఆ తర్వాతి మంగళవారం పొద్దున్నే మంగినపూడి వెళ్లి, ఒక్క గంట పనుందని చెప్పి శ్యాంబాబుని మోపెడ్ మీద ఎక్కించుకొచ్చాడు. ఆ వేళకి వలల దగ్గర ఎవరూ లేరు. శ్యాంబాబుని వెనకాల కుర్చీలో కూర్చోబెట్టి అయిదు బంతులు కొట్టాడు, అన్నీ లోపలి అంచుతోనే.

"చూశావా? ఆ రోజు నా చేతిలో ఈ కర్ర ఉండుంటే నీ కన్ను పోయేది కాదురా" అన్నాడు.

శ్యాంబాబు లేచి కర్ర అందుకున్నాడు. దాని తలని బొటనవేలితో కాసేపు తడిమాడు.

"కర్ర సంగతి నిజమే కావచ్చు బావా. నువ్వు కేకెయ్యలేదు కదా."

నిజమే, తోమాసు కేకెయ్యలేదు. బంతి వంపు తిరగడం ఆ రోజు అతను చూశాడు. శ్యాంబాబు ఎక్కడున్నాడో కూడా తెలుసు. తను కొట్టిన బంతి గురి తప్పదనీ, చివర్లో దారికొస్తుందనీ అనుకున్నాడు. తోటి క్యాడీల ముందు ఫోర్ అని అరవడం నామోషీ అనిపించింది. అంతా రెండు మూడు సెకన్లు.

అక్కకి ఎందుకు చెప్పలేదని చివరికి అడిగాడు.

"చెప్తే అక్క నీ దగ్గర ఉండేది కాదు. నాకున్నది మీ ఇల్లొక్కటే. కన్నుతో పాటు ఇల్లు కూడా పోగొట్టుకోవడం దేనికనుకున్నా." శ్యాంబాబు కర్రని జాగ్రత్తగా సంచిలో పెట్టాడు. "ఎప్పటికైనా నువ్వే చెప్తావని చూశా. ఇవాళ పిలిచింది కూడా అందుకేననుకున్నా. కర్ర చూపించడానికని అనుకోలేదు."

దింపుతానన్నా ఆగకుండా రోడ్డెక్కి ఆటోలో వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కృపావతి పెరట్లో చేపలు తోముతుంటే తోమాసు పక్కన పీట వేసుకుని కూర్చుని, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె చెయ్యి ఆగలేదు.

"వాడికి తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"ఆ రోజు నించే."

ఆమె చేపలు కడిగి పులుసు పెట్టింది. అతనికి వడ్డించింది. తను తినలేదు. పొద్దున్నే నాలుగు చీరలు సంచిలో పెట్టుకుని మంగినపూడి వెళ్లిపోయింది. ఇన్నేళ్లు వాణ్ణి ఎన్ని మాటలన్నానో మీకు తెలుసు, వింటూ కూర్చున్నారు, అని మాత్రం వెళ్లేముందు గుమ్మంలో అంది.

శ్యాంబాబే రెండుసార్లు అక్కని తీసుకొచ్చి దింపాలని చూశాడు. ఆమె కదల్లేదు. ఆ గదిలోనే ఒక మూల చాప వేసుకుంది, పగలు తమ్ముడి పక్కన కూర్చుని గెలల నుంచి బొండాలు కోసిపెడుతుంది. చర్చి కూడా అక్కడికే మార్చుకుంది.

తోమాసు పని మానలేదు. ఆ కొత్త కర్రలు ఇప్పుడు మరో ఆరుగురు కొనుక్కున్నారు. పాఠాలు అడిగేవాళ్లు తగ్గారు. అతను ఎక్కువసేపు బంతులు ఏరుతూ గడుపుతాడు. ఆదివారం మధ్యాహ్నాలు మోపెడ్ మీద మంగినపూడి వెళ్తాడు. శ్యాంబాబు బొండాం కొట్టి ఇస్తాడు. అతను తాగి, కాసేపు ఇసుకలో నిలబడి తిరిగొస్తాడు. ఎనిమిది నెలలుగా కృపావతి అతని వైపు చూడలేదు.

పోయిన ఆదివారం మాత్రం ఒక మాట అడిగింది. బియ్యం కార్డు ఎక్కడ పెట్టారని. ట్రంకుపెట్టెలో ఉందన్నాడు. వచ్చే వారం వచ్చేటప్పుడు తెచ్చివ్వమంది, తన పేరు ఇక్కడికి మార్పించుకుంటానని.